పొద్దున ఇరవై రెండు, మాపటికి పదకొండు

కరీంనగర్,
14 సెప్టెంబర్ 1993.

నేత కుటుంబాల ప్రత్యేక సర్వే విభాగం సంయుక్త సంచాలకుల వారి సముఖమునకు –

విషయం: ఒకే సర్వేకు రెండు జవాబులు వచ్చిన నేరంపై నాకిచ్చిన మెమోకు సంజాయిషీ, గణాంక భాష రెండు వెర్షన్ల నడుమ నలుగుచున్న దినసరి ఆపరేటరు మొర – గురించి.

అయ్యా,

ఈ అర్జీ చదువుటలో తమ అమూల్య సమయం వృథా కానున్నందుకు, చదివిన పిమ్మట తమ మనసు పాడు కానున్నందుకు, ఆ పాడైన మనసుతోనే తాము మరికొన్ని ఫైళ్ళ మీద సంతకాలు చేయనున్నందుకు ముందుగానే సాష్టాంగపడి క్షమాపణ వేడుకొనుచున్నాను. నేను బి.ఎస్సీ. గణితం పాసైనందుకు వేరే క్షమాపణ. అది తప్పి ఉంటే ఇంత జరిగేది కాదు.

మెమోలో నాపై మోపిన నేరం ఇది: సిరిసిల్ల కండెలవాడలోని నూట ఇరవై ఇళ్ళ సర్వేను కంప్యూటరుకెక్కించి, నెలలో సగటున సాంచెలు ఎన్ని దినాలు నడిచినవో చెప్పమంటే, పొద్దున ఇరవై రెండనీ సాయంత్రం పదకొండనీ చెప్పాను. సాంచె అనగా మరమగ్గమని తమకు మనవి చేయనక్కరలేదు. సగటు పన్నెండు దినాలకు తగ్గితేనే ఆ వాడకు సర్కారు నూలు, బియ్యం. జాబితా శుక్రవారం హైదరాబాదు పోవును. కనుక నా కొలువు పోవడం ఒక సంగతి, వాడ పేరు పోవడం ఇంకొక సంగతి. నాది దినసరి కొలువే గనుక దానికి ఎక్కువసేపు ఏడవను.

ఇక నా మనవులు:

1. మన లెక్కలన్నీ గణాంక భాష అనే ప్రోగ్రామింగ్ భాషలో నడుచును. అందులో పాత వెర్షన్, కొత్త వెర్షన్ అని రెండున్నవి. కొత్తదే వాడవలెనని తమ ఉత్తర్వు. గత మూడేండ్ల పట్టికలతో పోల్చవలెను గనుక పాతదే వాడవలెనని సూపరింటెండెంట్ జగపతిరావు గారి ఉత్తర్వు. రెండు ఉత్తర్వులకూ తారీఖు ఒకటే. కంప్యూటరూ ఒకటే. దాని డిస్కులో రెండింటికీ చోటు లేదు. కావున పొద్దున తొమ్మిది ఫ్లాపీలతో కొత్తది ఎక్కించి, మధ్యాహ్నం దాన్ని తీసేసి, ఆరు ఫ్లాపీలతో పాతది ఎక్కించుచుంటిని. ఇంతలో కొత్తదాని ఏడో ఫ్లాపీ మీద డిస్పాచ్ గుమాస్తా హనుమండ్లు ఆఫీసు ముద్ర కొట్టి, ఇన్‌వార్డు నంబరు కూడా వేశాడు. గట్టిగా కొట్టాడు. అప్పటినుండి కంప్యూటరు ఏడో ఫ్లాపీ దగ్గర ఆగిపోవును. అడిగితే, "ఆఫీసుకొచ్చింది ఏదైనా సరే, ముద్ర పడకుంట లోపటికి పోదు తమ్మీ" అన్నాడు. ఆదిలాబాద్ ఆఫీసులో ఇంకో ఏడో ఫ్లాపీ అడుక్కొని, పత్తి లారీలో తిరిగి వచ్చితిని.

2. పిమ్మట డిస్కులోని పనికిరాని ఫైళ్ళన్నీ తుడిచి, చెరొక గది కట్టించి, రెండు వెర్షన్లనూ ఒకే ఇంట్లో ఉంచాను. పి నొక్కితే పాతది, కె నొక్కితే కొత్తది. జగపతిరావు గారు ఇందుకు సంతోషించలేదు. "గంత అలకగ మారుతయా? మరి ఛార్జి ఎవలిస్తుండ్రు, ఎవలు తీసుకుంటుండ్రు?" అని రిజిస్టరు పెట్టించారు. నాటినుండి మార్చినప్పుడల్లా "పాత వెర్షన్ ఛార్జి అప్పగించినది, కొత్త వెర్షన్ ఛార్జి స్వీకరించినది" అని రాసి, ఇద్దరి తరఫునా నేనే సంతకం పెట్టుచున్నాను. ఒక్క ఆగస్టులోనే ఎనభై నాలుగు సంతకాలు.

3. జవాబులు రెండు వచ్చిన నాడు ఆయన నన్ను పిలిపించారు.

"ఏంది దశరథం, పొద్దుగాల ఇరవై రెండంటవ్, మాపటికి పదకొండంటవ్. సాంచెలకు జరమొచ్చిందా?"

"పొద్దుగాల కొత్తదాన్ని అడిగిన సార్, మాపటికి పాతదాన్ని అడిగిన."

"రెండిట్ల మనది ఏది?"

"రెండూ మనయే సార్."

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "అయితె నడుమల రాయి. పదహారున్నర."

పదహారున్నరకు నూలు రాదని చెప్పితిని. "నూలు నా చేతుల లేదు, నడుమ నా చేతుల ఉన్నది" అన్నారు.

4. అసలు కారణం. సర్వే కాగితాల్లో అరవై ఇళ్ళకు ఎదురుగా గడి ఖాళీగా ఉన్నది. పాత వెర్షన్ ఖాళీని సున్నగా పట్టి, ఆ ఇంటిని కూడా కలిపి భాగించును. కొత్త వెర్షన్ ఖాళీ కనబడితే ఆ ఇంటినే వదిలివేయును. తమ తమ పద్ధతిలో రెండూ సరిగ్గానే లెక్కించినవి. సర్వేకు పోయినవారిని అడిగితే, ఇంటివాళ్ళు సున్న రాయనియ్యలేదన్నారు. నమ్మక, శనివారం నేనే పోయాను. మొదటి ఇల్లు సత్తమ్మది. రెండు సాంచెలు, రెండింటి మీదా పాత చీర కప్పి ఉన్నది.

"పోయిన నెల ఎన్ని దినాలు నడిచినయి అవ్వా?"

"నూలే లేదు బిడ్డా, ఏం నడుస్తయి."

"అయితె సున్న రాసుకుంట."

"అగో, సున్న రాయకు. సాంచె ఉన్న ఇంటి మీద ఎవలన్న సున్న రాస్తరా? ఖాళీగ ఇడిచిపెట్టు. నూలొస్తె అదే నిండుతది."

వాడంతా ఇదే పద్ధతి. ఇటువంటి ఖాళీని చదివే ఆజ్ఞ రెండు వెర్షన్లలోనూ లేదు. రెండు పుస్తకాలూ మొదటినుండి చివరిదాకా వెతికితిని.

5. కావున తాము దయతలచి, పదహారున్నర అనే అంకెను జాబితాలోకి రానీయకుండా ఆపవలెను. నన్ను తొలగించదలచినచో శుక్రవారం పోనిచ్చి తొలగించవలెను. ముందే తొలగిస్తే వెర్షన్ల ఛార్జి పుచ్చుకొనువారు ఉండరు.

ఈ మనవి చిత్తగించవలెను. చిత్తగించుటకు తీరిక లేనిచో, కనీసం హనుమండ్లు చేత ముద్రయినా కొట్టించవలెను.

తమ విధేయుడు,
కె. దశరథం, బి.ఎస్సీ.,
దినసరి కంప్యూటర్ ఆపరేటర్.

తా.క.: పైన వేడుకున్న క్షమాపణలు చేయని తప్పులకు. చేసింది ఒకటున్నది. ఆదివారం మళ్ళీ పోయి అరవై ఇళ్ళూ తిరిగాను. సిద్దిరాములు, వాళ్ళ తమ్ముడు సర్వే నాడు ధర్మపురి పోయి ఉండిరట; ఆ రెండిళ్ళ సాంచెలు పదిహేనేసి దినాలు నడిచినవి. "మాయి గూడ నడువలేదని రాయరాదు, వాడకు మంచిది గద" అన్నాడు సిద్దిరాములు. రాయలేదు. మిగతా యాభై ఎనిమిది ఇళ్ళలో సాంచె కదలలేదు. గడి ఖాళీగా ఉంటే మిషను మీ ఇంటినే పక్కకు పెడుతుందని సత్తమ్మకు చెప్పాను. ఆమె సాంచె మీది చీర సర్ది అడిగింది.

"సున్న రాస్తెనే నూలొస్తదా?"

"రాస్తెనే వస్తదవ్వా."

"అయితె రాయి. నా ముంగట రాయకు."

అందుకని అక్కడ కలం తీయలేదు. ఆఫీసు తాళంచెవి అడిగి తీసుకొని వచ్చి కంప్యూటరు ముందు కూర్చున్నాను. ఇప్పుడు పాతదాన్ని అడిగినా, కొత్తదాన్ని అడిగినా పదకొండుంబావే వస్తుంది. ఆ యాభై ఎనిమిది సున్నలూ ఎవరి అనుమతీ లేకుండా ఎక్కించింది నేనే.