హెడ్‌ఫోన్లు మార్చేటప్పుడు పాట పెట్టకు

నాన్నా,

నిన్న నువ్వు తెచ్చిన హెడ్‌ఫోన్లు సంచిలో పెట్టి తలుపుకు తగిలించాను. కొట్టు మూసేలోపు వెళ్ళి మార్చుకురా. "బేస్ వినవే, గుండెలదిరిపోతాయి!" అని మురిసిపోతూ చేతికిచ్చావు. వీధంతా ఊగిపోయేలా పికో మోగిస్తావు, ఆ గోడంత స్పీకర్ల పెట్టెకు అలవాటుపడ్డ చెవులు నీవి. నేనడిగింది మోత కాదు నాన్నా, నిశ్శబ్దం.

ఈసారి పాట పెట్టి చూడకు. ఏ పాటా లేకుండా చెవులకు పెట్టుకుని, చప్పుడు ఆపే మీట నొక్కి, కొట్లో ఫ్యాను కింద నిలబడు. ఫ్యాను హోరు మాయమైతే అవే తీసుకో. నా పాత కళ్ళజోడు కూడా సంచిలో వేశాను, అది పెట్టుకునే చూడు. కాడల దగ్గర సందుంటే చప్పుడంతా దూరుతుంది. కొట్లోవాళ్ళు నవ్వితే నవ్వనీ. మూడు లక్షల పెసోలు దాటొద్దు. పోయినేడాది రకమైనా ఫర్వాలేదు.

పికో ఆపమని నేనెప్పుడూ అడగలేదు, అడగను. మనకు అన్నం పెట్టేది అదే. కానీ ఆదివారం నర్సింగ్ పరీక్ష. పోయినసారి నీ పాటల మధ్య చదివి తప్పాను. ఈసారి గట్టెక్కి తీరతాను.

పొయ్యి మీద సాంకోచో పులుసు ఉంది, వేడిచేసుకుని తిను.

యురానిస్

ఇంకో మాట. శనివారం పికో కట్టేసే ముందు, పోయిన అమ్మను తలుచుకుని ఒక పాట పెడతావు కదా. అప్పుడు లోపలికొచ్చి నా భుజం తట్టు. పిలిస్తే నాకు వినపడదు.