పిల్లలను లెక్కపెట్టని చాప

దమ్మామ్, శనివారం

జేజికి, మనవరాలు సుల్తానా సలాములు.

ఇక్కడ ఎండ తగ్గింది గాని ఉక్క తగ్గలేదు. సముద్రం మీది తేమకు కిటికీ అద్దాలు బయటివైపు చెమట పడుతున్నాయి. నిన్న ఆరేసిన బట్టలు ఈరోజు కూడా పచ్చిగానే ఉంటే మళ్లీ పిండి ఆరేశాను. రొట్టెల పిండి జల్లించాను. మిగిలిన పొద్దంతా జబీ వెనక తిరిగాను.

నీకు ఫోనులో మాట వినిపించదు కాబట్టి ఉత్తరం రాసి, దాని ఫోటో గురవయ్య జిరాక్సు అంగడికి పంపుతున్నాను. పెద్ద అక్షరాలు వచ్చేటట్టు తీసి ఇవ్వమని చెప్పాను.

జబీకి ఇంకా మాట రాలేదు. ఊర్లో ఉన్నప్పుడు కోడిని చూసి ఏదో ఒకటి అనేవాడు. ఇక్కడికి వచ్చాక అదీ లేదు. తోటి పిల్లలతో కలపమని డాక్టరు చెప్పింది. దిలావర్ జుబైల్‌లో షట్‌డౌన్ మరమ్మతు పనిలో ఉన్నారు, నెలకొకసారి వస్తారు. మొన్న వచ్చినప్పుడు, "రంజాన్ లోపల మాట రాకపోతే మీ ఇద్దర్నీ ఊరికి పంపిస్తా. ఆడ మనోళ్లన్నా ఉంటారు" అన్నారు. కోపంగా అనలేదు. అందుకే భయం వేసింది. ఈ వీసా కోసం ఎన్నేళ్లు కూర్చున్నానో నీకు తెలుసు. నాకు తిరిగి రావాలని లేదు.

కాబట్టి శుక్రవారం శుక్రవారం పిల్లలను బయటికి తీసుకుపోతున్నాం. మాల్‌కు పోతే ఆటబొమ్మల దగ్గరే జీతం అయిపోతుంది. సముద్రం ఒడ్డున కార్నిష్‌లో గడ్డి ఉంది, గాలి ఉంది, ఎవరూ ఏమీ అడగరు. మన ఊరి ఇష్రత్, ఖుష్బూ, నేను, ఒకే బిల్డింగులోని మూడిళ్లవాళ్లం కలిసి పోతాం. ఇష్రత్ భర్త అఖీల్ కంపెనీ వ్యాను తెస్తాడు. ఒకరు పలావు, ఒకరు రొట్టెలు, ఒకరు నీళ్లూ ఖర్జూరాలూ. పెద్ద చాప పరిచి, పిల్లలందరినీ అంచున కూర్చోబెట్టి, ఏ నోరు దగ్గరుంటే ఆ నోట్లో ముద్ద పెడతాం. పిల్లలను లెక్కపెట్టకూడదని నువ్వు చెప్పిన మాట వాళ్ల అమ్మలు కూడా చెప్పారట. నీకెందరు అని కూడా ఇంతవరకు ఒకరినొకరం అడగలేదు. చాప మీది పిల్లల ఫోటో కూడా పంపుతున్నాను.

ఇట్లు,
సుల్తానా

తా.క.: సముద్రాన్ని చూసి జబీ నవ్వాడు. నవ్వు మాట కాదన్నారు దిలావర్. ఆయన కూడా నవ్వు తప్ప మాట లేని మనిషే. ఆయనకు మాత్రం వీసా ఇచ్చారు.


మా ఊరు, బుధవారం

సుల్తానాకు జేజి మదార్బీ దీవెనలు.

వాన లేదు. శనక్కాయ చెట్టు ఊడలు దిగకుండానే ఎండిపోతోంది. నాకు మాత్రం పని ఉంది. రాయచోటి పెండ్లివాళ్లకు రెండు పరుపులు కుట్టినాను. దూది మంచిది కాదు, గింజ ఎక్కువ.

ఫోటో చూసినాను. పిల్లలను లెక్కపెట్టలేదు. ఒక్కొక్క మొహం మీద ఒక్కొక్క పత్తిగింజ పెట్టి, తర్వాత గింజలను లెక్కపెట్టినాను. గింజలకు దిష్టి తగలదు. ఇష్రత్ ఇంటికీ ఖుష్బూ ఇంటికీ పుట్టిన ప్రతి బిడ్డకూ బొంత కుట్టింది నేనే. జబీకీ నేనే. కుట్టిన బొంతలన్నీ తలుచుకున్నాను. గింజ ఒకటి మిగిలింది.

చాప అంచున పసుపు గౌను వేసుకున్న ఆడపిల్ల ఉంది. అందరూ ఫోటో తీసేవాళ్ల దిక్కు చూస్తున్నారు. ఆ పిల్ల జబీని చూస్తోంది. ఆ బిడ్డకు నేను బొంత కుట్టలేదు. ఎవరి బిడ్డ?

దీవెనలతో,
మదార్బీ

తా.క.: నీ ఉత్తరం చదవకుండానే ప్రింటు తీసి ఇస్తానని గురవయ్య ఒట్టు పెట్టినాడు. నేను అంగడికి పోయేసరికి, "జబీకి మాట వచ్చిందా?" అని నన్నే అడిగినాడు.


దమ్మామ్, శనివారం

జేజికి సలాములు.

గాలి మళ్లింది. సన్నటి దుమ్ము తలుపు కింద నుంచి వస్తోంది. పొద్దున్నుంచి ఊడుస్తూనే ఉన్నాను.

ఆ పిల్ల ఇష్రత్ కూతురై ఉంటుంది. ఇక్కడే కాన్పు అయి ఉంటుంది కాబట్టి నీ బొంత అందలేదు. పోయి అడిగితే, నీ బిడ్డ మా ముద్ద తింటోంది అన్నట్టు ఉంటుందని అడగలేదు.

నిన్న కార్నిష్ కాదు, ఊరి బయటి బీచికి పోయాం. ఆ పిల్ల వచ్చింది. అదే పసుపు గౌను. వ్యానులో ఎక్కడ కూర్చుందో గమనించలేదు. చాప పరిచి తలెత్తేసరికి అంచున ఉంది. తల రేగిపోయి ఉంటే నా సంచిలోని నూనె రాసి జడ వేశాను. తల వంచి కూర్చుంది.

ఇప్పుడు అసలు సంగతి. జబీ మాట్లాడాడు! ఆ పిల్ల చెవి దగ్గర నోరు పెట్టి చాలాసేపు మాట్లాడాడు. దగ్గరికి పోయి విన్నాను. తెలుగు కాదు. హిందీ కాదు, అరబ్బీ కూడా కాదట, అఖీల్ విని చెప్పాడు. ఆ పిల్ల తల ఊపుతోంది. ఇంటికి వచ్చాక కిటికీ దగ్గర నిలబడి, బయటి చీకటికి అవే మాటలు చెప్పాడు. ఆగి, మళ్లీ చెప్పాడు. ఎవరో వింటున్నట్టే.

దిలావర్‌కు ఫోనులో వినిపించాను. "ఏ మాటైతే ఏంది, గొంతు లేచింది గదా. వచ్చే శుక్రవారం కూడా పోండి" అన్నారు.

ఇట్లు,
సుల్తానా

తా.క.: బీచిలో నీళ్ల అంచున నల్ల బుర్ఖాలో ఒకామె మా దిక్కే తిరిగి నిలబడి ఉంది. కార్నిష్‌లో కూడా ఒకామె అట్లాగే నిలబడింది. ఇక్కడ అందరూ నల్ల బుర్ఖాలే కాబట్టి ఆమే ఈమె అని చెప్పలేను. నువ్వు భయపడవద్దు. నేను కొంచెం పడ్డాను.


మా ఊరు, మంగళవారం

సుల్తానాకు దీవెనలు.

మబ్బు పట్టింది, కురవలేదు. పరుపులు బండికెత్తించి నేనే రాయచోటికి పోయినాను. దారిలో ఇష్రత్ అమ్మను అడిగినాను. "ఆడపిల్ల కావాలని దర్గాకు మొక్కుకుంటే ఇద్దరూ మగోళ్లే పుట్టినారు" అని ఏడ్చింది. ఖుష్బూ అత్తను అడిగినాను. "మా మనవరాలికి పండ్లు కూడా రాలేదు. ఏమ్మే మదారక్కా, పలావు తింటాదా అది?" అనింది.

ఇక నేను చెప్పినట్టు చెయ్యి. మడమలు ఎటు తిరిగి ఉన్నాయో చూడు. నీడ ఉందా లేదా చూడు. ఉప్పు పెట్టు. అట్లాంటివి ఉప్పు ముట్టవు. పేరు మాత్రం అడగొద్దు. పేరు చెప్పించుకుంటే వెంట వస్తుంది.

మదార్బీ

తా.క.: గురవయ్య ఆ ఫోటో తన ఫోనులో నుంచి తీసేసినాడంట. తీసేసినా మళ్లీ వచ్చిందంట. గూగుల్ అనేవాడు దాచిపెడతాడని వాళ్ల కూతురు చెప్పిందంట. వాడెవడో గాని ధైర్యవంతుడు.


దమ్మామ్, శనివారం

జేజికి సలాములు.

దుమ్ము ఆగలేదు. ఈరోజు ఏ పనీ చేయలేదు.

నిన్న పిల్లల పార్కుకు పోయాం. అందులో ఉయ్యాలలకు డబ్బులు అడగరు. వ్యాను ఎక్కేటప్పుడు చూస్తూనే ఉన్నాను, ఆ పిల్ల ఎక్కలేదు. పార్కులో చాప పరిచాం. నీళ్ల సీసా తీసుకుందామని ఇటు తిరిగి అటు చూసేసరికి అంచున కూర్చుని ఉంది.

మడమలు వెనకే ఉన్నాయి. కాళ్లకు మాత్రం జబీ చెప్పులు ఉన్నాయి. నీడ సంగతి తేలలేదు. స్తంభాల దీపాలకు ఇక్కడ ఒక్కొక్కరికి నాలుగు నీడలు పడతాయి. నావే ఏవో నాకు తెలియలేదు. ఉప్పు పెట్టాను. నాకి, ఇంకా కావాలని చెయ్యి చాచింది.

ఉండబట్టలేక ఇష్రత్‌ను అడిగాను. "ఖుష్బూ కూతురు గదమ్మే?" అనింది. ఖుష్బూ, "నా బిడ్డ నా ఒళ్లో ఉంటే! అది సుల్తానా బిడ్డనే అనుకుంటి. జబీ పక్కనే గదా కూర్చుంటాది. పోయిన వారం జడేసింది కూడా నువ్వే" అనింది. ముగ్గురం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. చాప దిక్కు తిరిగి చూస్తే ఆ పిల్ల లేదు. ఆ పిల్ల కూర్చున్నచోట చాప తడిగా ఉంది. చుట్టుపక్కల నీళ్లు లేవు.

నల్ల బుర్ఖా ఆమె గేటు అవతల నిలబడి ఉంది.

ఇష్రత్ ఇక రానంటోంది. పోకపోతే జబీ మాట ఆగిపోతుంది. ఏం చేయమంటావు?

సుల్తానా

తా.క.: ఆ తడి పిల్లలు చేసిన పని కావచ్చని అఖీల్ అన్నాడు. కావచ్చు. ఖుష్బూ మాత్రం చాపను మూడుసార్లు కడిగింది.


మా ఊరు, బుధవారం

సుల్తానాకు.

వాన పడింది. దూది తడిసింది. దాని సంగతి వదిలెయ్యి.

పోవద్దంటే నీ మొగుడు ఊరికి పంపిస్తాడు. పొమ్మంటే నా నోరు రాదు. కాబట్టి పో, కానీ బండి ఎక్కేముందు పిల్లలను లెక్కపెట్టు. ముందు చెప్పిన మాటను నేనే వెనక్కి తీసుకుంటున్నాను. దిష్టి తగిలితే నేను తీస్తాను. ఒక్కొక్క తల మీద చెయ్యి పెట్టి లెక్కపెట్టు. ఎక్కువ ఉంటే ఆ పిల్లను ఎక్కనివ్వొద్దు. సరిపోతే ఎక్కి, వెనక్కి చూడకుండా వచ్చేయండి.

మదార్బీ

తా.క.: దీన్ని ఫోటో తీయడానికి గురవయ్య ఒప్పుకోలేదు. చివరికి కండ్లు మూసుకుని తీసినాడు. మొదటిసారి ఆయన బొటనవేలు పడింది, ఇది రెండోది.


దమ్మామ్, గురువారం

జేజికి సలాములు.

ఈరోజు గాలి లేదు. దుమ్ము అంతా కిందికి దిగి ఎండ తెల్లగా ఉంది. పొద్దున చాప ఉతికి ఆరేశాను. నిదానంగా రాస్తున్నాను, నిదానంగా చదువు.

పోయిన శుక్రవారం ఇష్రత్‌ను బతిమాలి కార్నిష్‌కు పోయాం. ఆ పిల్ల వచ్చి జబీ పక్కన కూర్చుంది. తినిపించాం. వద్దనడానికి ఎవరికీ ధైర్యం లేదు. మగ్రిబ్ నమాజు అయ్యాక ఒక్కసారిగా దుమ్ముగాలి లేచింది. అదే సమయంలో దీపం తిప్పుకుంటూ బలదియా బండి, అంటే మునిసిపాలిటీ వాళ్ల బండి, వచ్చింది. ఒడ్డున అమ్ముకునే వాళ్లంతా పరుగెత్తారు. కండ్లలో దుమ్ము. చాప ఎట్లా చుట్టామో తెలియదు. వ్యాను తలుపు దగ్గర నిలబడి, నువ్వు చెప్పినట్టు, తలల మీద చెయ్యి పెట్టి లెక్కపెట్టాను. సరిపోయింది. ఎక్కువ లేదు. ఆ పిల్ల ఎక్కలేదని అల్‌హందులిల్లా అనుకున్నాను. వెనక్కి చూడలేదు.

జబీ వెనక సీటులో నా శాలువా కప్పుకుని నిద్రపోతున్నాడు. ఇల్లు చేరాక ఎత్తుకుని మెట్లెక్కాను. అదే బరువు. మంచం మీద పడుకోబెట్టి శాలువా తీశాను. పసుపు గౌను.

అరిచాను. కింద నుంచి అందరూ వచ్చారు. ఇష్రత్ గోడకు ఆనుకుని ఆయతుల్ కుర్సీ చదవడం మొదలుపెట్టింది. ఆ పిల్ల లేచి కూర్చుని మా మొహాలు చూసింది. జబీ కిటికీ దగ్గర చెప్పే మాటలే, అదే గొంతుతో, చెప్పింది. "దయ్యానికి చీమిడి కారుతాదా? పదండి, మన పిల్లోడు ఆడుండాడు" అని అఖీల్ తాళాలు తీసుకున్నాడు. ఆ పిల్ల నా ఒళ్లో కూర్చుంది. వేడిగానే ఉంది.

చాప పరిచిన చోటే నల్ల బుర్ఖా ఆమె కూర్చుని ఉంది. జబీ ఆమె ఒళ్లో ఉన్నాడు. పక్కన పోలీసు బండి ఉంది.

అఖీల్‌కు అరబ్బీ వచ్చు కాబట్టి అన్నీ అడిగాడు. ఆమెది ఎర్ర సముద్రం అవతలి దేశం. ఫ్లాస్కుతో టీ అమ్ముకుంటుంది. కాగితాలు లేవు. జనం ఎక్కడ చాపలు పరిస్తే అక్కడికి, తెలిసినవాళ్ల బండిలో, ఆమె కూడా పోతుంది. అధికారులు వచ్చినప్పుడు బిడ్డతో పరుగెత్తడం ఆమె వల్ల కాదు. అందుకని ఏదో ఒక కుటుంబంలో కూర్చోబెట్టి దూరం నుంచి కాపలా కాస్తుంది. ఆ రాత్రి దుమ్ములో ఆ పిల్ల భయపడి మా వ్యాను ఎక్కింది. ఆ తల్లితో టీ అమ్మే ఆట ఆడటానికి జబీ ఆమె దగ్గరికి పోయాడు. తక్కినవాళ్లంతా పారిపోయారు. పిల్లవాడిని ఒంటరిగా వదలలేక ఆమె ఉండిపోయింది.

"మా చాపే ఎందుకని అడుగు, అన్నా" అన్నాను. ఆమె చెప్పింది, అఖీల్ తెలుగులో చెప్పాడు. "అన్ని చాపలూ చూసిందంట. అందరూ లేచేటప్పుడు పిల్లోళ్లను లెక్కపెట్టుకుంటారంట. మీరొక్కరే లెక్కపెట్టరంట."

కిటికీ దగ్గర జబీ చెప్పే మాటలకు అర్థం కూడా అడిగించాను. "వేడి టీ ఉంది, చక్కెర బాగా వేశాను, రండి" అని అర్థమట, ఆమె అమ్మేటప్పుడు వేసే కేక. ఇన్నాళ్లూ మా ఇంటి కిటికీలో నుంచి వీధికి టీ అమ్మాడు.

పోలీసు జబీని పేరు అడిగాడు. జబీ ఆమె భాషలోనే గడగడా చెప్పాడు. "వీడు ఈమె కొడుకే" అన్నాడు పోలీసు. మా ఇఖామాలు, ఇక్కడ ఉండే అనుమతి కార్డులు, ఫోనులో చూపించాను. అయినా అనుమానంగానే చూశాడు. అప్పుడు ఆమె జబీని ఎత్తి నా చేతుల్లో పెట్టి, నా కొంగు పట్టుకుని నిలబడిన ఆ పిల్లను చూపించి, అది తన బిడ్డ అని చెప్పింది. అంతకుముందే పోలీసు నన్ను, ఈ పిల్ల ఎవరు అని అడిగి ఉన్నాడు. నేను నోరు తెరవలేదు. ఆమె చెప్పకపోతే ఆ పిల్ల మాతోనే వచ్చేది. జబీ ఆమెతో పోయేవాడేమో.

తల్లీ కూతుళ్లిద్దరినీ పోలీసు బండి ఎక్కించారు. ఆ పిల్ల కాళ్లకు జబీ చెప్పులే ఉన్నాయి. తిరిగి అడగలేదు.

దిలావర్ ఆదివారం వచ్చారు. జబీ ఆయన చేతికి ఖాళీ గ్లాసు ఇచ్చి, "తాగు" అన్నాడు. తెలుగులోనే. ఊరికి పంపే మాట ఆయన మళ్లీ ఎత్తలేదు.

ఇట్లు,
సుల్తానా

తా.క.: అఖీల్ పోయి కనుక్కుని వచ్చాడు. ఆ తల్లీ కూతుళ్లను నిన్న, బుధవారం, జొహర్ నమాజు తర్వాతి విమానంలో వాళ్ల దేశానికి పంపించారు. ఇద్దరూ కలిసే పోయారు.