ఊరవతలి ఇల్లు వద్దన్నాను

కెర్తు అక్కా, నేను కులాసాగానే ఉన్నాను, దిగులు పడకు.

నువ్వు చెప్పావని టాంపెరె ఊరికి అవతల తోట ఉన్న ఆ ఇల్లు నిన్న చూసి వచ్చాను. వీధిలో ఒక్క మనిషీ కనబడలేదు. "ఇక్కడ మిమ్మల్ని ఎవరూ పలకరించరండీ, ఎంత హాయో!" అంది ఇంటావిడ. తోట చూడకుండానే వచ్చేశాను.

సాయంత్రం ఊళ్లోకి తిరిగొస్తే మా మేడ కింద రొట్టెలమ్మే హిల్కా నన్ను పట్టుకుని దులిపేసింది. "పొద్దున రొట్టెకి రాలేదేమే? తలుపు బాది బాది చేతులు నొప్పెట్టాయి. పోయావనుకున్నా!" ఆమె ముందే ఏడ్చేశాను. ఆ ఇల్లు వద్దని చెప్పేశాను, కోప్పడకు.

నీ మోకాలు ఎలా ఉంది? ఊలు మేజోళ్లుంటే పంపు. పిల్లలకు ముద్దులు. ఈ చలికాలం నువ్వే రా అక్కా. ఉన్నది ఒక్క గదే, కానీ మా ఆయన పోయినప్పటి నుంచి మంచంలో సగం ఖాళీగానే ఉంది.

నీ చెల్లెలు
ఐలా