మజ్జిగ గిన్నె

నరసరావుపేట,
12-3-1987.

చిరంజీవి బాలసరస్వతికి మీ అమ్మమ్మ హైమావతి ఆశీర్వదించి రాయునది.

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టబోయి ఆగాను. నీకూ కుశలం లేదు, నాకూ లేదు. ముప్పై ఏళ్లు బడిపిల్లలకు లేఖారచన నేర్పినదాన్ని, మొదటి వాక్యంలోనే అబద్ధం ఎందుకు. అక్షరాలు కొత్తగా కనిపిస్తే కంగారుపడకు, కలం మార్చాను.

శివరాత్రికి కోటప్పకొండ ప్రభలు మన వీధినుంచే వెళ్లాయి. ఈసారి అరుగు మీద నుంచే దణ్ణం పెట్టుకున్నాను. మీ తాతయ్య కొట్లో కొత్త మిరప దిగింది, వీధంతా తుమ్ములే. ఆయనకు వేరే జబ్బు లేదు. ఉన్నా కొట్టు కట్టేశాకే రావాలి.

ఇక అసలు సంగతి. గుంటూరు రక్తపరీక్షలో నాకున్న కీళ్లవాతమే నీకూ ఉందని తేలినట్టు మీ అమ్మ చెప్పింది. నువ్వేమో బాగానే ఉన్నానని మూడు వాక్యాల కార్డు పడేశావు. నాలుగు పేజీలు రాసే పిల్ల మూడు వాక్యాలు రాస్తే నమ్మడానికి నేను మీ మాచర్ల హెడ్మాస్టరును కాను. చాక్‌పీసు పట్టలేక బోర్డు మీద పిల్లల చేత రాయిస్తున్నావట, ఆయన కొత్త బోధనా పద్ధతి అని మెచ్చుకున్నాడట.

నా తెలివీ విను. వేళ్లు మొదట వాచినప్పుడు మిరపకాయల తొడిమలు తీసిన మంట అనుకున్నాను. రెండు పంటల కాలం మజ్జిగ గిన్నెలో చేతులు పెట్టుకు కూర్చున్నాను. వంకరపోయాక గాని గుంటూరు ఆస్పత్రి డాక్టరు గుర్తు రాలేదు. ఒంటిని కాపాడవలసిన శక్తే పొరబడి కీళ్ల మీద పడుతోందని ఆయన చెప్పాడు, మాత్రలిచ్చాడు. వాపు తగ్గింది, నొప్పి మాత్రం పూర్తిగా వదల్లేదు. అప్పుడు అదే ఆస్పత్రిలో మనసుకు వైద్యం చేసే డాక్టరమ్మ దగ్గరికి పంపాడు.

వెళ్లగానే దెబ్బలాడాను. నొప్పి నా మనసులో పుట్టిందంటావా, ఇవిగో వేళ్లు, చూడు అన్నాను. చూసింది. నొప్పి వేళ్లలోనే ఉందనీ, మాత్రలు మానొద్దనీ, కాని దాన్ని దాచడానికి నేను పడే పాట్లు ఇంకో నొప్పి అనీ, తాను చూసేది ఆ రెండోదాన్నేననీ చెప్పింది. ముప్పై నిండని పిల్ల. జవాబు బాగుంది, ఏం చేస్తాం.

అప్పటినుంచి బుధవారం బుధవారం వెళ్తున్నాను. కోపం ఒంట్లో ఎక్కడ తెలుస్తోందని అడుగుతుంది. గొంతులో అంటాను. దాని కింద ఏముందంటుంది. భయం అంటాను. దాని కింద ఏముందంటుంది. అక్కడ నేను, కాఫీ తాగావా అమ్మాయీ అని మాట మారుస్తాను. తాగానని చెప్పి మళ్లీ అదే అడుగుతుంది.

ఒకరోజు ఎదురుగా ఖాళీ కుర్చీ వేసి, నా గొంతులో ఎవరున్నారో వాళ్లను అందులో ఊహించుకుని మాట్లాడమంది. మీ తాతయ్య వస్తారనుకున్నాను. ఆయనకు చెప్పాల్సినవి చానా ఉన్నాయి. ఆయన రాలేదు. నువ్వొచ్చావు సరసూ. పదేళ్ల పిల్లవి.

గుర్తుందా, వేసవి సెలవుల్లో కొట్టు వెనక మాతోపాటు తొడిమలు తీస్తానని కూర్చున్నావు. చేతులు మండి ఏడ్చావు. మజ్జిగ గిన్నె నీ ముందుకు తోసి, ఏమే, ఏడిస్తే మంట తగ్గుద్దా, నోరు మూసుకుని చేతులు ముంచు అన్నాను. చుట్టూ ఆడవాళ్లు నవ్వారు. నువ్వు ఏడుపు మింగి ముంచావు. ఆ తర్వాత నా ముందు ఎన్నడూ ఏడవలేదు. నా మనవరాలు గట్టిపిల్ల అని నేను వీధంతా చెప్పుకున్నాను.

ఆ కుర్చీతో నేను అన్నది ఇంతే. మజ్జిగ ఇచ్చాను గాని ఒళ్లోకి తీసుకోలేదు. మా అమ్మ నాకు నేర్పిన బిగువే నీకూ నేర్పాను. తప్పయింది తల్లీ.

డాక్టరమ్మ నన్ను ఆ కుర్చీలోకి మార్చి, నీ బదులు జవాబు చెప్పమంది. నా వల్ల కాలేదు. ఆ జవాబు నీది.

ఆరోజు నొప్పి మాయం కాలేదు. తిరుగుబస్సులో అది నా పక్కనే కూర్చుంది, నేను దాంతో పోట్లాడలేదు. నరసరావుపేట దాకా నిద్రపోయాను.

వచ్చే బుధవారం నువ్వూ నాతో రా. మంగళవారం సాయంత్రం బస్సెక్కు. ఏమీ మాట్లాడకపోయినా ఫర్వాలేదు, ఆ కుర్చీ కోడు ఊగుతోందని చెప్పినా చాలు.

ఇట్లు,
ఒళ్లు వంగినా నోరు వంగని
మీ అమ్మమ్మ,
హైమావతి.

తా.క.: కలం మార్చలేదు. నెల రోజులుగా అది నా వేళ్ల మధ్య నిలవడం లేదు. నేను చెబుతుంటే రాస్తున్నది పక్కింటి మైమూనా, మా బడిలో చదివిన పిల్లే. నీకు తెలియనివ్వకూడదనుకున్నాను. దాచుకోవద్దని మనవరాలికి చెప్తా మీరు దాస్తే ఎట్టా టీచరమ్మా, ఇది రాయకపోతే ఉత్తరం డబ్బాలో వెయ్యను అని కూర్చుంది. మజ్జిగ గిన్నె సంగతి దగ్గర కాగితం తడిసింది చూడు. మజ్జిగ ఒలికిందని రాయమన్నాను. రాయనంది.

ఇంకొకటి, మీ తాతయ్యకు కూడా చెప్పనిది. నా జుట్టు నేను ముడి వేసుకోలేకపోతున్నాను. నీ వేళ్లూ అంతంతమాత్రమేనని తెలుసు. అయినా అడుగుతున్నాను, మంగళవారం రా. నీ రెండు చేతులూ నా రెండు చేతులూ కలిస్తే ఒక్క ముడి పడకపోదు.