నెమరేసే బండి

ఆర్.కె.పేట,
ఆని నెల చివర, జూలై 1984

చిరంజీవి లోకనాథానికి మామ సుందరరాజులు దీవించి వ్రాయునది. మీ అత్త, నేను క్షేమం. బండి మాత్రం క్షేమం కాదు.

అమెరికా ఆస్పత్రి వాళ్లు ఊరు విడిచిపోతా అమ్మిన ఆ పికప్పును 'కొను మామా, ఏనుగు లాంటిది' అని నాతో కొనిపించినది నువ్వే. పరుగెత్తినంత సేపు ఏనుగే. నిలబెడితే మటుకు చలిజ్వరం వచ్చినట్టు వణికి, గొర్ అని చచ్చిపోతుంది. నిన్న బజారులో మేకల మందకు దారి ఇద్దామని నిలిపినాను. మేకలు పోయినాయి, బండి పోలేదు. ట్రాక్టరు ధర్మలింగం చూసి, "ఏమయ్యా, నీ అమెరికా బండి మేకలకు కూడా దండం పెట్టి నిలబడతాదే" అన్నాడు.

ఆడికృత్తిక పండగకు మన ఊరి పుష్పకావళ్లు, పూలగంపలు ఈ తూరి మన బండిలోనే తిరుత్తణి కొండకు పోతాయని పదిమందిలో మాట ఇచ్చినాను. ఇన్నేళ్లు ఆ మర్యాద ధర్మలింగం ట్రాక్టరుది. కొండదారి మలుపులో మన బండి ఆగిందంటే ఆ మర్యాద మళ్లీ మన ఇంటి దిక్కు చూడదు. మెకానిక్ ఆరోగ్యస్వామి మూత తీసి, "ఇ.జి.ఆర్. వాల్వు పోయుండాదన్నా, మార్చల్ల. నా దగ్గర లేదు" అన్నాడు. అది యాడ దొరుకుతుంది, ఏం పని చేస్తుంది, విచారించి వ్రాయి. తిరువళ్లూరు ట్యుటోరియల్ కాలేజీలో ఫిజిక్సు చెప్పేవాడివి, తెలియదనకు.

ఇట్లు,
వణుకుతున్న బండిగల మీ మామ

తా.క.: మీ అత్త నిమ్మకాయ కట్టమన్నది. కట్టినాము. ఇప్పుడు బండీ నిమ్మకాయా కలిసి వణుకుతున్నాయి.

*

తిరువళ్లూరు

సకల వాహన సంపన్నులైన మామ గారి దివ్య సముఖమునకు, అల్లుడు లోకనాథం బస్సులో వంగడానికి చోటు లేక మనసులోనే సాష్టాంగపడి చేసుకొన్న విన్నపం.

మద్రాసులో పాత కార్లను ముక్కలు చేసి అమ్మే వీధిలో ఎండలో వేగిపోయి వాల్వు సంపాదించాను. పార్సిలులో వస్తుంది. దాని పని వినండి. ఇంజను వదిలిన పొగలో కొంత భాగాన్ని అది మళ్లీ ఇంజనుకే పంపుతుంది. లోపల మంట మితిమీరకుండా ఉండేందుకు ఇది ఉపాయం. మసి పట్టి ఆ వాల్వు తెరుచుకునే ఉండిపోతే, బండి నిలిచి ఉన్నప్పుడు కూడా పొగ లోపలికి పోయి ఊపిరి ఆడక ఆగిపోతుంది. రెండు బోల్టులు విప్పి పాతది తీయాలి, కొత్తది బిగించాలి. అంతే.

ఇట్లు,
తమ విజ్ఞాన భిక్షువు, లోకనాథం

తా.క.: అత్తకు సులువుగా అర్థం కావాలంటే ఇలా చెప్పండి: తాను తిని లేచిన ఎంగిలాకు ముందే బండి మళ్లీ కూర్చుంటుంది.

*

ఆర్.కె.పేట

లోకనాథానికి మామ వ్రాయునది. దీవెనలు తరువాత.

నీ తాజాకలం మీ అత్తకు చదివి వినిపించినాను. వినిపించకుండా ఉండవలసింది. చేతిలోని చెంబు జారవిడిచి, "ఎంగిలి తినే బండిలోనా నేను పెరియపాళయం అమ్మవారికి పొంగలి సామాను తీసుకొనిపోయింది" అని కూలబడింది. సాయంత్రం వరకు లేవలేదు. దేవుడి పూలను వాసన కూడా చూడకూడదని ముక్కుకు గుడ్డ కట్టుకుని అల్లే ఇల్లు మనది. ఆ పూలను తన ఎంగిలి పొగ తానే తాగే బండిలో ఎక్కించేదా?

ఈ సంగతి నేను మీ అత్తకు తప్ప ఎవరికీ చెప్పలేదు. మీ అత్త ఊరికి తప్ప ఎవరికీ చెప్పలేదు. ధర్మలింగం ట్రాక్టరును కడిగి, ముగ్గు వేసి పెట్టినాడు. పార్సిలు వచ్చింది. మీ అత్త పసుపునీళ్లు చల్లి గూటిలో పెట్టింది.

ఇట్లు,
దీవెనలు బాకీ పడిన మామ

తా.క.: ఆరోగ్యస్వామి అంటాడు, అమెరికాలో ఇది చట్టమంట. ఎంగిలి తినమని చట్టం చేసే దేశం సముద్రాలకు అవతల ఉండడమే మంచిది.

*

తిరువళ్లూరు

ఆచార పరాయణులైన మామ గారికి, అపచారి అల్లుడి అత్యవసర నివేదన.

మీ ఉత్తరం చదువుతుండగా నా నోట్లోని ఇడ్లీ నోట్లోనే నిలిచిపోయింది. మింగితే అది కూడా ఎంగిలి కిందికి వస్తుందేమోనని దిగ్భ్రాంతి.

మామా, నేను చెప్పిన పోలిక తప్పు. అసలు పోలిక ఇది. ఆవు మేసినదాన్ని మళ్లీ నోటికి తెచ్చుకుని తీరికగా నములుతుంది. ఆ ఆవు పాలతోనే తిరుత్తణి స్వామికి అభిషేకం చేస్తాం. ఆవు నెమరు ఎంగిలి కాదు కదా, మరి బండి నెమరు ఎలా ఎంగిలి అవుతుంది? ఇ.జి.ఆర్. అంటే బండి నెమరు. అత్తకు ఈ మాట చెప్పి, పూలు మన బండిలోనే ఎక్కించండి.

ఇట్లు,
నాలుక కరుచుకున్న లోకనాథం

తా.క.: ఈ జ్ఞానం నాకు పుస్తకంలో దొరకలేదు. బజారు నడిమధ్య పడుకుని, బస్సును ఆపి, నాకేసి చూస్తూ నమిలిన ఒక ఆవు దగ్గర దొరికింది. గురుదక్షిణగా అరటితొక్క సమర్పించాను.

*

ఆర్.కె.పేట

చిరంజీవి లోకనాథానికి మామ దీవించి, తల పట్టుకుని వ్రాయునది.

నీ మాట పనిచేసింది. కావలసినదానికంటే ఎక్కువ పనిచేసింది. మీ అత్త బండికి లక్ష్మి అని పేరు పెట్టింది. బానెట్టుకు బొట్టు, అద్దాలకు గంటలు. ఆవుకు వెనకవైపే కదా మొక్కేది, అందుకని ఊరి ఆడవాళ్లంతా వరసగా వచ్చి పొగగొట్టానికి పసుపు కుంకుమ పెట్టి, తాకి, కళ్లకు అద్దుకుని పోతున్నారు. చేతులకు మసి అంటితే ప్రసాదం అంటున్నారు.

నేను మీసం దువ్వుకుంటా ఉండగా ధర్మలింగం వచ్చి పొగగొట్టానికి వాడూ మొక్కినాడు. మొక్కి లేచి, "రొంబ సంతోషమయ్యా. గోమాత కదా. గోమాత వీపున గంపలు ఎత్తేది యాడన్నా ఉండాదా?" అన్నాడు.

మొదట నోరు తెరిచింది మీ అత్తే. "అవునే, ఎంత పాపం" అన్నది. ఇప్పుడు బండిలో పూలు కాదు గదా, నన్ను కూడా ఎక్కనివ్వడం లేదు. కృత్తిక ముంచుకొస్తా ఉంది. మాట పోతే నేను బజారుకు పోయే మొఖం ఉండదురా. ఏదన్నా చెయ్యి, కానీ పోలిక మాత్రం చెప్పవద్దు.

ఇట్లు,
గోపాలకుడైన నీ మామ

తా.క.: పొద్దున పెట్రోలు పోద్దామని పోతే, బండి ముందర కుడితి తొట్టి ఉంది.

*

తిరువళ్లూరు

మామ గారికి, ఇక పోలికలు మానుకున్న అల్లుడు చేతులు జోడించి వ్రాసుకొన్నది.

చదివి మంచం మీద కూర్చుండిపోయాను. ఆపైన ఒక సందేహం వచ్చి లేచాను. ఎద్దు కూడా నెమరు వేస్తుంది కదా మామా. ఆ బండి ఆవని నిర్ణయించినది ఎవరు? పేరు పెట్టే ముందు ఒక్కరన్నా వంగి చూశారా? దాని కింద వెల్లకిల పడుకుని చూసినవాడు మెకానిక్ ఆరోగ్యస్వామి ఒక్కడే. ఆయన సాక్ష్యం తీసుకోండి. బరువు లాగుతుంది, పాలివ్వదు, బజారులో మొండికేస్తుంది. ఇవి ఎద్దు లక్షణాలని సభలో చదివి వినిపించండి.

ఇట్లు,
పశుశాస్త్ర ప్రవీణ లోకనాథం

తా.క.: అత్త పెట్టిన పేరు పూర్తిగా మార్చనక్కరలేదు. చివర 'పతి' తగిలిస్తే చాలు.

*

ఆర్.కె.పేట,
ఆడికృత్తిక అయిన వారం

చిరంజీవి లోకనాథానికి మామ సుందరరాజులు కొండంత దీవెనలతో వ్రాయునది.

నీ ఉత్తరం నలుగురిలో చదివినాను. ఆరోగ్యస్వామి, "నేను చూసినా. ఎద్దే" అన్నాడు. మీ అత్త సిగ్గుపడి కొంగు అడ్డం పెట్టుకుంది. ధర్మలింగం వదలలేదు. "సరే, ఎద్దే అనుకుందాం. నెమరేస్తాదని ఏం గ్యారంటీ? పూలెక్కించేముందు మూత తీసి చూపించల్ల" అన్నాడు.

మూత తీస్తే నా గుట్టు బయటపడుతుంది. ఎందుకంటే నీకు ఒకటి చెప్పలేదు. ఆ ఎంగిలాకు ఉత్తరం చదివి మీ అత్త కూలబడిన దినమే, చూడలేక ఆరోగ్యస్వామితో నూనెడబ్బా రేకు కత్తిరించి, పొగ వెనక్కు వచ్చే దారిని మూయించేసినాను. ఎంగిలీ పోయింది, వణుకూ పోయింది. మెల్లిగా మీ అత్తకు చెబుదామనుకుంటా ఉంటే నీ నెమరు ఉత్తరం వచ్చింది. ఆమె మొఖం వెలిగిపోయింది. నెమరు మానిన గొడ్డంటే రోగం గొడ్డు కదా. నిజం చెబితే పశువుల డాక్టరును పిలుస్తుంది.

ఆరోగ్యస్వామి మూత తీసినాడు. రేకు మీద చెవి పెట్టినాడు. నా కళ్లల్లోకి చూసినాడు. చేతులు తుడుచుకుని, "వేస్తా ఉండాది. మెల్లిగా. పెద్ద ప్రాణం కదా" అన్నాడు.

గంపలు ఎక్కినాయి. కొండదారిలో ఒక్క మలుపులోనూ బండి ఆగలేదు. గంపల మధ్య తన కావడి పట్టుకుని కూర్చున్న ధర్మలింగం పైన దిగినాక నన్ను పక్కకు పిలిచి, "అయ్యా, మా ట్రాక్టరుకు కూడా ఆ నెమరు పెట్టించేదానికి అవుతాదా?" అని అడిగినాడు.

ఇట్లు,
మాట నిలుపుకున్న నీ మామ

తా.క.: ఆరోగ్యస్వామి ఆదివారం చర్చిలో తన అబద్ధం ఒప్పుకున్నాడంట. ఫాదరు అంతా విని, "ఆ కొత్త వాల్వు ఇప్పుడు యాడ ఉండాది?" అని అడిగినాడంట. ఆయన కూడా ఆ ఆస్పత్రి బండే ఒకటి కొని, వణికించుకుంటా ఉన్నాడు. పాపపరిహారంగా వాల్వు దానికి బిగించమన్నాడు. బిగించినాడు. ఈ తాలూకాలో నిజంగా నెమరేసే బండి ఇప్పుడు అదొక్కటే. మీ అత్త మన లక్ష్మీపతికి రోజూ కుంకుమ పెట్టి, ఫాదరు బండి ఎదురొస్తే కొంగు దగ్గరికి లాక్కుని పక్కకు తప్పుకుంటుంది. ఎందుకే అంటే, "ఎంగిలి తినే బండేమో, ఎవరికి తెలుసు" అంటుంది.