వెనకున్నా తాతయ్యా

జూన్ 12, గురువారం
మధ్యాహ్నం, భోజనాలయ్యాక

అమ్మకు,

నీ పిల్లి నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ అందరం క్షేమం. ఉత్తరాల్లో అందరూ రాసే మాటే గానీ, ఈసారి నేను ఒక్కొక్కరినీ చూసివచ్చి మరీ రాస్తున్నాను. నీ శిక్షణ ఎలా సాగుతోంది? అక్కడి మంచం నడుం విరిచేస్తోందన్నావుగా, దుప్పటి మడిచి నడుం కింద పెట్టుకోమని అమ్మమ్మ చెప్పమంది.

ఫోను ఉండగా ఉత్తరమేమిటి అనుకుంటున్నావు కదూ? ఫోనులో నేను ఒక ముక్క చెప్పేలోపు నువ్వు పది ప్రశ్నలు వేస్తావు. ఇది మొదటినుంచి చివరిదాకా ఒక్క వరసలో చెప్పాల్సిన సంగతి. తాతయ్య కళ్ళ గురించి. కంగారుపడకు, ఇప్పుడు బాగానే ఉన్నాడు.

కాలేజీ తెరిచేదాకా గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోలేక వీధి చివరి రెస్టారెంట్‌లో చేరానని నీకు తెలుసు. అక్కడ వంటింటి పెద్ద ఒక అక్క. ఆవిడ గొంతు మలుపుదాకా వినిపిస్తుంది కాబట్టి అందరూ సైరనక్క అంటారు, అదీ ఆవిడ ముందే. ఆ వంటిల్లు ఎంత ఇరుకంటే ఇద్దరు ఎదురుపడితే ఒకరు గోడకి అంటుకోవాలి. అందుకని వాళ్ళకో పద్ధతి ఉంది. ఎవరి వెనకనుంచి వెళ్ళినా ‘వెనక’ అని అరవాలి. చేతిలో కాగేది ఉంటే ‘వేడి’ అనాలి. మలుపు తిరిగేటప్పుడు ‘మూల’.

నాకా, అడుగుల చప్పుడు కూడా రాదు. తాతయ్య నాకు పిల్లి అని ఊరికే పేరు పెట్టలేదుగా. మొదటిరోజే కడిగిన ప్లేట్ల దొంతర ఎత్తుకుని నోరు మెదపకుండా సైరనక్క వెనకనుంచి వెళ్ళాను. ఆవిడ గిరుక్కున తిరిగింది. ఆరు ప్లేట్లు గోవిందా! తిట్టలేదు గానీ, ఇక్కడ నోరు లేకపోతే ఒళ్ళు కాలుతుంది పిల్లా, ఉన్నానని చెప్పి నడువు అంది.

వారం తిరిగేసరికి నేను సైరనక్కకి చెల్లెలినైపోయాను. ఇంట్లో కూడా నోరు ఆగలేదు. అమ్మమ్మ వెనకనుంచి మంచినీళ్ళు తీసుకెళ్తూ వెనక అని అరిస్తే ఆవిడ అదిరిపడి గరిటె జారవిడిచింది. దీనికేదో పట్టిందని ఒకటే గోల. తాతయ్య మాత్రం పడీపడీ నవ్వి, అలాగే అరువు, నాకు బాగుంది అన్నాడు. ఇక ఊరుకుంటానా? వెనకున్నా తాతయ్యా. టీ తాతయ్యా, వేడి, కుడిచేతి పక్కన పెట్టా. మూల తాతయ్యా, అక్కడ చీపురుంది. ఆయన దేనికైనా ‘సరే దొరసానీ’ అనేవాడు.

పనిలో కూడా ఎదిగాను తెలుసా? అంట్ల నుంచి ఉల్లిపాయలకి, ఉల్లిపాయల నుంచి వడ్డనకి. ఒక చేతిమీద నాలుగు ప్లేట్లు నిలబెడుతున్నాను. సాయంత్రం నాలుగింటికి అందరం బోర్లించిన డబ్బాలమీద కూర్చుని టీ తాగుతాం. ఆ పావుగంట కోసం రోజంతా అరవొచ్చు అనిపిస్తుంది. ఇంత మాట్లాడే మనిషిని నాలో ఇన్నాళ్ళూ ఎక్కడ దాచానో నాకే తెలియదు.

అసలు సంగతికొస్తాను. మే 26న ఒళ్ళు హూనమై, నిద్ర చాలక లేచాను. కాగిన పాలగిన్నె పట్టుకుని హాల్లోకి వస్తూ అరవడం మర్చిపోయాను. కిటికీ దగ్గరున్న తాతయ్య నేరుగా నడుచుకుంటూ వచ్చి నన్ను గుద్దుకున్నాడు. పాలు నా పాదం మీద పడ్డాయి. చిన్న బొబ్బే, మానిపోయింది. కానీ అమ్మా, నేను ఆయన వెనక లేను. ఎదురుగా ఉన్నాను. కాలిందా అంటూ ఆయన నేలమీద కూర్చుని తడిమాడు, అదీ కాలని పాదాన్ని.

అప్పుడు చెప్పాడు. చలికాలం నుంచీ ఎడమకన్నుకి అంతా పొగేనట, కుడిది కూడా అదే దారి పట్టిందట. రోజూ నాచేత పేపరు చదివించుకున్నది నా ఉచ్చారణ బాగుపడాలని కాదు. ప్రెస్సులో నలభై ఏళ్ళు ప్రూఫులు దిద్దిన మనిషి! అమ్మకి చెప్పకు, శిక్షణ మధ్యలో వదిలేసి పరిగెత్తుకొస్తుంది అని నాచేత ఒట్టు వేయించుకున్నాడు. నీకు చెప్పనన్నాను గానీ అమ్మమ్మకి చెప్పనని అనలేదుగా. అదేరోజు చెప్పేశాను. ఆవిడ గంటసేపు ఆయన్ని ఉతికి ఆరేసి, తర్వాత ఆస్పత్రికని ఆయన తెల్లచొక్కా ఇస్త్రీ చేసింది.

శుక్లం బాగా ముదిరిందన్నారు డాక్టరు. ఇంకా ఆలస్యం చేస్తే ఆపరేషన్ చేసినా చూపు పూర్తిగా వస్తుందని మాటివ్వలేనన్నారు. అయినా తాతయ్య వింటేనా! వచ్చే నెల చూద్దాంలే అంటాడు. పది రోజులు అదే పాట. నేను బతిమాలాను, అలిగాను, ఒకరోజు ఏడ్చేశాను కూడా. నేను హాస్టల్‌కి వెళ్ళిపోయాక నీకు దారి ఎవరు చెప్తారు తాతయ్యా అని అడిగాను. మర్నాడు శనివారం, నేను లేచేసరికి తెల్లచొక్కా వేసుకుని కూర్చున్నాడు, పద అని.

సోమవారం ఎడమకంటికి ఆపరేషన్ అయింది. మంగళవారం కట్టు విప్పారు. ముందుగా అమ్మమ్మని చూసి, ఇంత తెల్లబడ్డావేమిటే అన్నాడు. జుట్టా మొహమా అని ఆవిడ అడిగింది. నర్సు నవ్వాపుకోలేకపోయింది.

ఇంకా కొంచెం మసగ్గానే ఉందంటున్నాడు. కన్ను బాగానే ఉంది, కొన్ని రోజులు చూద్దామన్నారు డాక్టరు. అందుకని ఇంట్లో నా అరుపులు సాగుతూనే ఉన్నాయి. సైరనక్క మూడు రోజులు సెలవిచ్చింది, ఇవాళ సాయంత్రం నుంచి మళ్ళీ పనికి. నెలాఖరుకి హాస్టల్. నువ్వూ ఆలోపే వచ్చేస్తావుగా.

నీకు ముందే చెప్పనందుకు కోపం తెచ్చుకోకు. అన్నీ సవ్యంగా అయ్యాకే రాద్దామన్నది అమ్మమ్మ మాట. తిట్టాలనుకుంటే ఆవిణ్ణి తిట్టు, నేను అడ్డురాను. ఉత్తరం తనే పోస్టులో వేస్తానని తాతయ్య పట్టుబడుతున్నాడు. అమ్మమ్మ తోడు వెళ్తుందిలే.

నిన్ను చూడాలని ఉన్న,
నీ పిల్లి

తా.క. అమ్మడూ, ఇది మీ నాన్న రాత. పిల్లి పనిలోకి వెళ్ళింది. ఉత్తరం మొత్తం చదివాను. రెండు చోట్ల ఒత్తులు మింగేసింది, దిద్దాను. మసకా లేదు, గిసకా లేదు. ఎదురుమేడ మీద ఆరేసిన చొక్కాల గుండీలు కూడా కనిపిస్తున్నాయి. నేను ఆపరేషన్‌కి భయపడ్డానని వీళ్ళందరూ అనుకున్నారు. కాదు. మన ఇంట్లో అందరూ మంచివాళ్ళే, కానీ ఎవరి హడావుడిలో వాళ్ళు నా పక్కనుంచి వెళ్ళిపోతుంటారు. నేను పని మానేసిన ఈ ఎనిమిదేళ్ళలో, వస్తూ పోతూ నన్ను పిలిచి మరీ నడిచింది ఈ పిల్ల ఒక్కతే. చూపొస్తే ఆ పిలుపు ఆగిపోతుందని పది రోజులు మొండికేశాను. అది హాస్టల్‌కి వెళ్ళేదాకా నాకు కొంచెం మసగ్గానే ఉంటుంది. దానికి చెప్పకు.