క్లచ్ లేని కారు

అత్తయ్యకు మేనల్లుడి నమస్కారాలు.

ఇక్కడ అంతా కులాసా. ఎప్పుడు చేసినా నీ ఫోను ఆపేసే ఉంటుంది. బండిలో ఫోను మోగితే డ్రైవింగు నేర్చుకునేవాళ్లు స్టీరింగు వదిలేస్తారని నువ్వంటావు. నిజమే. అందుకే ఈ ఉత్తరం.

మా వీధి చివరనున్న వీడియో గేముల షాపు ఎత్తేశారు. అందులో కారు ఆట పెట్టె ఒకటి ఉండేది. కూర్చోవడానికి సీటు, చేతికి స్టీరింగు, కాళ్ల దగ్గర రెండు పెడళ్లు, ఎదురుగా టీవీ అంత తెర. దాన్ని పాత ఇనుము కింద తూచి అమ్మేస్తుంటే చూడలేక అడ్డం పడి, నా టీవీ రిపేరు షాపుకు మోయించుకొచ్చాను. గుమ్మంలో పట్టకపోతే తలుపు ఊడదీశాం.

తెర బాగానే వెలుగుతోంది. ఆటను నడిపించే లోపలి బోర్డు మాత్రం తడికి పాడైపోయింది, అలాంటిది ఇప్పుడు ఎక్కడా దొరకదు. అందుకని దాని చోట మామూలు కంప్యూటరు పెడుతున్నాను. ఎమ్యులేటర్ అని ఒక ప్రోగ్రాము ఉంది. అది వేస్తే కంప్యూటరు తానే ఆ పాత బోర్డునని నటిస్తుంది. ఆటకు తేడా తెలియదు. ఈ ఒక్కటే కాదు, ఆనాటి రేసు ఆటలన్నీ ఇందులోనే ఆడుకోవచ్చు.

బ్రేకు పెడలు స్ప్రింగు విరిగింది. నీ డ్రైవింగ్ స్కూలు షెడ్డులో పాత స్ప్రింగేదైనా పడి ఉంటే పంపగలవా?

ఇట్లు,
నీ మేనల్లుడు

తా.క.: తలుపు మళ్లీ బిగించాను. పెట్టె అడ్డం వల్ల సగమే తెరుచుకుంటోంది. ప్రస్తుతానికి సన్నగా ఉన్న కస్టమర్లకే రిపేర్లు చేస్తున్నాను.

~

మేనల్లుడిని అత్తయ్య దీవించి రాస్తున్నది.

స్ప్రింగు బస్సు పార్సిల్లో వేశాను. బండి లేకుండా బండి నేర్పే మిషను తయారు చేస్తున్నావని చదివి ఎంత సంతోషించానో చెప్పలేను. నేర్చుకునేవాళ్ల ధాటికి నా బండి క్లచ్ అరిగి అరిగి పొగలు కక్కుతోంది. అందరూ ముందు నీ మిషను మీద చేయి తిప్పుకుని వస్తే నా బండి ఇంకొన్నాళ్లు బతుకుతుంది.

అన్నట్టు, రెండే పెడళ్లని రాశావు. క్లచ్ మరిచావు. స్ప్రింగుతో పాటు పాత క్లచ్ పెడలు కూడా పెట్టాను, బిగించు.

నా దగ్గర నేర్చుకునేవాళ్లలో ఒక మందుల షాపాయన ఉన్నాడు. భార్య పోయి చాలా కాలమైంది, ఒక్కడే ఉంటాడు. నెమ్మదస్తుడు. ఎన్నాళ్లుగానో నేర్చుకుంటున్నాడు, లైసెన్సు పరీక్షకు వెళ్లినప్పుడల్లా తప్పుతాడు. మందుల సరుకు కోసం ప్రతి బుధవారం మీ ఊరు వస్తాడు. నీ దగ్గరకు పంపిస్తున్నాను. కూర్చోబెట్టి చూడు. ఎలా నడుపుతాడో, ఎలాంటివాడో నాకు వివరంగా రాయి.

ఆశీస్సులతో,
అత్తయ్య

తా.క.: ఆయన టీలో పంచదార వేసుకోడు. వేసి ఇచ్చినా తాగేస్తాడు, నోరు తెరిచి వద్దనడు. నువ్వే గుర్తుపెట్టుకో.

~

అత్తయ్యకు నమస్కరించి మేనల్లుడు రాసుకునే విన్నపం.

ఇది నేర్పే మిషను కాదత్తయ్యా. రేసు ఆట. ఇందులో ఎవరూ ఇండికేటరు వేయరు, ఎవరూ దారివ్వరు. పక్కవాణ్ణి గుద్ది ముందుకు పోతే ఆట మెచ్చుకుంటుంది. ఇది నేర్చుకుని ఎవరైనా రోడ్డెక్కితే నీ స్కూలుకు తాళం పడుతుంది.

నేనీ సంగతి రాసేలోగానే నీ మందుల షాపాయన దిగాడు. సగం తెరుచుకున్న తలుపులోంచి పక్కకు తిరిగి లోపలికొచ్చాడు. చెప్పులు బయట విడిచి, సీటు సర్దుకుని, అద్దం కోసం వెతికి, లేదని తెలుసుకుని మెడ తిప్పి వెనక్కి చూశాడు. వెనక నేనున్నాను. ఆట మొదలైంది. మిగతా కార్లన్నీ రయ్యిమని పోయాయి. ఆయన కదల్లేదు. ఏమండీ అన్నాను. "వాళ్లకేదో తొందరున్నట్టుంది, పోనివ్వండి," అన్నాడు. తరవాత నింపాదిగా బయల్దేరాడు. మొదటి మలుపు దాటగానే టైమైపోయి ఆట ముగిసింది. తెరకు థాంక్సు చెప్పి లేచాడు.

అసలు విషయం ఆయన వెళ్లాక బయటపడింది. స్టీరింగు వైర్లు నేను తారుమారుగా కలిపాను. ఎడమకు తిప్పితే బండి కుడికి పోతోంది. నేను కూర్చుంటే పది గజాలు పోకుండా గోడకు కొట్టింది. ఆయన మాత్రం ఒక్క మాటా అనకుండా, ఎక్కడా తగలకుండా నడిపాడు. అంటే తప్పుడు చదువు ఒంటపట్టిందన్నమాట. దయచేసి ఆయన్ను నీ బండి ఎక్కించకు. వచ్చే బుధవారం మళ్లీ పంపు, సరైన వైర్లతో దిద్దుతాను.

ఇట్లు,
కంగారులో ఉన్న నీ మేనల్లుడు

తా.క.: నీ క్లచ్ బిగించాను. దానికి వైరు లేదు, ఆటకు అక్కర్లేదు. ఆయన గేరు కూడా అడిగాడు. అప్పటికప్పుడు ఒక గొడుగు పిడి బిగించాను. దానికీ వైరు లేదు. ఆయన మాత్రం ఆట ముగిసేదాకా క్లచ్ తొక్కి గొడుగు మారుస్తూనే ఉన్నాడు.

~

చిరంజీవి మేనల్లుడికి అత్తయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందేసరికి ఆయన బండెక్కడం, పరీక్షకు వెళ్లడం, తప్పి రావడం అన్నీ అయిపోయాయి. కంగారు పడకు. ఎడమంటే ఎడమకే తిప్పాడు, కుడంటే కుడికే తిప్పాడు. కాకపోతే ఈసారి హ్యాండు బ్రేకు తీయకుండానే వీధి చివరదాకా లాగించాడు. కమురు వాసనకు పరీక్షాధికారి ముక్కు మూసుకుని దిగి, ఫెయిలన్నాడట.

ఇందులో నీ మిషను తప్పేమీ లేదు. అయితే కొన్ని మార్పులు చెయ్యి. తెర మీద ఆ మిగతా కార్లు తీసెయ్, మర్యాద లేనివాళ్ల మధ్య మనిషి ఏం నేర్చుకుంటాడు? వేగం తగ్గించు. ముందు చేరినవాడికి తక్కువ మార్కులు పడాలి. మధ్యలో ఒక పెద్దావిడ రోడ్డు దాటుతున్నట్టు పెడితే మంచిది.

ఇంకొకటి. ఆయనెలాంటివాడో రాయమంటే నువ్వు రెండు పేజీలు వైర్ల గురించి రాశావు. వైర్ల క్షేమం నాకెందుకు? ఏం మాట్లాడుకున్నారు? నీతో ఎలా ఉన్నాడు? అవి రాయి.

ఆశీస్సులతో,
అత్తయ్య

తా.క.: నీ షాపు ఎలా ఉందని ఆయన్నడిగాను. "చాలా సామాను ఉందండీ," అన్నాడు. ఒక చీపురు కొనుక్కో.

~

అత్తయ్యకు నమస్కారాలు. ఈ ఉత్తరం కూర్చుని చదువు.

నిన్ను ఆ మనిషి మోసం చేస్తున్నాడు.

మొన్న బుధవారం వచ్చాడు. వైర్లు సరిచేసి కూర్చోబెట్టి, టీ చెప్పడానికి పక్క కొట్టుకు వెళ్లాను. పంచదార లేకుండానే చెప్పాను. తిరిగొస్తుంటే లోపల్నుంచి టైర్లు కీచుమంటున్న చప్పుడు. తలుపు సందులోంచి చూశాను. మన మందుల షాపాయన ఒంటిచేత్తో స్టీరింగు తిప్పుతూ, కొండ మలుపులో బ్రేకు మీద కాలే పెట్టకుండా దూసుకుపోతున్నాడు. మిగతా కార్లు ఎక్కడో వెనకున్నాయి. పైగా ఈల వేస్తున్నాడు.

నేను కనపడగానే బండిని గోడకు గుద్ది, గొడుగు పట్టుకుని అమాయకంగా చూశాడు.

నిలదీశాను. కాసేపు ఆ గొడుగు పిడినే అటూ ఇటూ తిప్పాడు. మందుల షాపు పెట్టకముందు కొండదారుల్లో సరుకు లారీ నడిపేవాడట. ఆ లైసెన్సు గడువు ఎప్పుడో తీరిపోయిందట. మరి పరీక్షల్లో ఎందుకు తప్పుతున్నారని అడిగాను. తలెత్తకుండా, "పాసైతే ఇక ఆ బండిలో కూర్చునే వంకేముందండీ?" అన్నాడు.

నాకు జాలేసింది. ఆ పాత బండి మీద అంత మమకారం ఎందుకో తెలియదు గానీ, ఉన్నమాట వాస్తవం. అబద్ధమాడటం తప్పే, కానీ చెడ్డవాడు కాదు. వైర్లు తారుమారుగా ఉన్నాయని కూడా ఆ రోజే కనిపెట్టాడట. కష్టపడి కలిపాను కదా, నేను చిన్నబుచ్చుకుంటానని చెప్పలేదట. నా మాట విని ఆ బండి ఆయనకే అమ్మెయ్. నువ్వు కొత్తది తీసుకో, ఆయన ఆశ తీరుతుంది.

ఇట్లు,
నీ మంచి కోరే మేనల్లుడు

తా.క.: వెళ్తూ వెళ్తూ షాపు ఊడ్చి వెళ్లాడు. నేనడగలేదు.

~

ఒరేయ్ మేనల్లుడా,

ముందు ఆశీస్సులు, తరవాత చీవాట్లు. నువ్వు ఏ రెండు వైర్లనైనా కలపగలవు గానీ రెండు మాటలు కలిపి అర్థం చేసుకోలేవు.

ఆయనకు బండి వచ్చని నాకు మొదటి నెలలోనే తెలుసు. బండి రానివాడు ఎక్కడపడితే అక్కడ ఆపేస్తాడు. ఈయన బండి ఎప్పుడాగినా చెట్టు నీడలోనే ఆగేది. తెలిసీ నేనేమీ అనలేదు. నాకూ ఆ గంటసేపు బాగుండేది.

నీది రేసు ఆటని కూడా తెలుసు. మొదటి ఉత్తరంలో నువ్వే రాశావు, నాకు చదువొచ్చు. అయినా తెలియనట్టు ఉన్నాను. మీ మామయ్య పోయాడు, మీ నాన్నా పోయాడు. నా తరఫు మనిషివి నువ్వొక్కడివే మిగిలావు. ఈ వయసులో ఇదేమిటంటావేమోనని, నిన్ను సూటిగా అడగడానికి నాకు మొహం చెల్లలేదు. పోనీ, ఎవరూ చూడటం లేదనుకున్నప్పుడు ఆయనెలా ఉంటాడో నీ కళ్లతో చూసి చెబుతావని పంపాను. నువ్వు వైర్లు చూశావు. ఏదైతేనేం, చివరికి చెడ్డవాడు కాదని రాశావు. నాకు కావలసింది ఆ ఒక్క ముక్కే.

పోయిన వారం ఆయన మళ్లీ పరీక్షకు బయల్దేరుతుంటే చెప్పాను: "ఈసారి పాసవ్వండి. ఆ సీటెలాగూ మీదే." వెళ్లి పాసై వచ్చాడు. పరీక్షాధికారే నమ్మలేక మళ్లీ ఒక చుట్టు తిప్పించాడట.

వచ్చే శుక్రవారం రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు. నా తరఫు సాక్షివి నువ్వే. షాపు మూసి రా.

ఆశీస్సులతో,
అత్తయ్య

తా.క.: స్వయంగా వచ్చి నిన్ను బండిలో తీసుకొస్తానని ఆయన ముచ్చటపడుతున్నాడు. ఎక్కకు, బస్సులో రా. పాసైన దగ్గర్నుంచి అచ్చం నీ ఆటలోలాగే నడుపుతున్నాడు.